ముద్ర వేసేవాళ్లు నీళ్లు తాగరు

గుండ్లవాగు, కోయిలకుంట్ల మండలం
11-2-2008

తనూజకు,

నీ మేనత్త లక్ష్మీదేవమ్మ చెబుతుంటే పోస్టాఫీసు లేవి రాస్తున్నాడు. నేను ఎట్లా చెప్పినా అతను పుస్తకాల్లో ఉన్నట్టు మార్చి రాస్తాడు. మనుషులు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టు రాయమన్నాను. ఒప్పుకున్నాడు.

మీ నాయన పోయిన నెల వచ్చి నీ కొత్త ఉద్యోగం సంగతి చెప్పాడు. పొగ తగ్గించామని చెప్పుకునేవాళ్లను చూసి రావడానికి తనిఖీ కంపెనీలు ఉంటాయంట. ఆ కంపెనీలను మళ్లీ తనిఖీ చేసేవాళ్లు ఉంటారంట. వాళ్లను ఏరి పెట్టేది నువ్వంట. అది నిజమైతే నాకు నీతో పని ఉంది.

మూడేళ్ల కింద ఒక సంస్థవాళ్లు మా ఊళ్లో నలభై ఇళ్లకు గోబర్ గ్యాస్ గుంతలు కట్టించారు. కట్టెలు కాల్చకపోతే పొగ తగ్గుతుంది, తగ్గిన పొగకు దూరదేశాల్లో విలువ ఉంటుంది అన్నారు. మంచిదే. అప్పుడు మాకు రెండు జతల ఎద్దులు, ఒక ఆవు. ఏడాది పాటు పొయ్యి బాగా వెలిగింది. తర్వాత జొన్న పోయి శనగ వచ్చింది, ఎద్దులు పోయి ట్రాక్టరు వచ్చింది. నా కొడుకు ఓబుళేశు పశువులన్నీ అమ్మేశాడు. ట్రాక్టరు పేడ వెయ్యదు. గుంత ఎండిపోయింది. ఊళ్లో సగం గుంతల గతి అంతే.

నా కోడలు మద్దిలేటమ్మకు రొమ్ము పట్టేసింది, ఒకటే దగ్గు. పొగ దగ్గర కూర్చున్నన్నాళ్లూ ఈ దగ్గు పోదని నంద్యాల డాక్టరు చెప్పాడు. సిలిండరు కనెక్షన్ కోసం కోయిలకుంట్లకు పోతే, పట్టీ రాసే ఆయన కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "అవ్వా, మీ ఇంట్లో గ్యాసు పొయ్యి ఎలుగుతాండాదని ఈడ రాసుండారు. ఉన్నోళ్లకే మళ్లా ఇస్తే లేనోళ్లకు యాడ తెచ్చేది?" అన్నాడు.

అట్లా రాసింది తనిఖీకి వచ్చిన కంపెనీ ఆయన. 2006లో వచ్చి పన్నెండు ఇళ్లు తిరిగి, అన్నీ వెలుగుతున్నాయని రాసుకుని పోయాడు. ఆ పట్టీలోంచి నా పేరు కొట్టేయాలి. నాకు కావలసింది ఇంతే. ఆయన్ని పిలిచి అడుగు.

నీకు ఇంకా పెరుగన్నం దొరుకుతోందా లేదా రాయి.

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర

(రాసినవాడి మనవి: మధ్యలో రెండు వాక్యాలు ఆమె చెప్పి, మళ్లీ కొట్టేయించారు. అందుకే ఆ గీతలు. – లేవి, బ్రాంచి పోస్టుమాస్టరు)


బాన్, జర్మనీ
29-2-2008

అత్తా,

నీ ఉత్తరం నిన్న అందింది. కొట్టేసిన చోట దీపానికి ఎదురుగా పెట్టి చూశాను. లేవిగారు గట్టిగానే కొట్టారు, ఏమీ కనపడలేదు. పెరుగు దొరుకుతుంది. జొన్నపిండి దొరకదు.

నాయన చెప్పింది సగమే నిజం. నేను ఎవరినీ పిలిచి అడిగే మనిషిని కాదు. ఎవరైనా పొగ తగ్గించామంటే మా ఆఫీసు వాళ్ల మాట మీదే నమ్మదు. ఏ సంబంధమూ లేని కంపెనీ ఒకటి వెళ్లి చూసి రావాలి. ఆ కంపెనీకి చూసే నేర్పు ఉందా, ఎవరికైనా లొంగుతుందా అని తేల్చాకే దానికి గుర్తింపు. అది తేల్చడానికి నిపుణులు కావాలి. వాళ్ల కోసం ప్రకటన వేయడం, వచ్చిన దరఖాస్తులను జల్లెడ పట్టడం, మాట్లాడి చూడటం నా పని. ఈసారి రెండు వందల మంది రాశారు. వాళ్ల చదువులు చూస్తే కళ్లు తిరుగుతాయి. తనిఖీ అంటే ఏమిటో తెలిసినవాళ్లు ఎందరో ఇంకా తెలియదు. నీలాంటివాళ్లు ఒక్కరు దరఖాస్తు పెట్టినా నా పని తేలికయ్యేది.

నీ సంగతి మా పై అధికారికి చెప్పాను. బంధువుల వ్యవహారం కాబట్టి నేను ముట్టుకోకూడదన్నారు. ఆ కంపెనీ పేరు చర్చకు వస్తే నేను గది బయటికి వెళ్లి కూర్చుంటాను. అది ఇక్కడి పద్ధతి.

మద్దిలేటమ్మ వదినను పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చోవద్దని చెప్పు.

నీ
తనూజ


గుండ్లవాగు
20-3-2008

తనూజకు,

నీ ఉత్తరం లేవి రెండుసార్లు చదివాడు. రెండోసారీ అదే ఉంది. మా సంగతి వస్తే గది వదిలి పోతావంట. నీకు చెవులు కుట్టించిన రోజు, నువ్వు ఏడుస్తుంటే చూడలేక గది వదిలి పోయింది మీ అమ్మ. నిన్ను ఒళ్లో అదిమి పట్టుకుని కూర్చుంది నేను. సరే, అది అట్లా ఉండనీ.

పొయ్యి దగ్గర కూర్చోవద్దని మద్దిలేటమ్మకు చెప్పమన్నావు. పొయ్యి దగ్గర కూర్చోకుండా సంగటి ఎట్లా కెలకాలో కూడా రాసి ఉంటే చెప్పేదాన్ని.

దరఖాస్తు పెట్టమన్నావు కాబట్టి పెడుతున్నాను. దీన్ని నీ జల్లెడలో వెయ్యి.

పేరు లక్ష్మీదేవమ్మ. వయసు డెబ్బై రెండో, మూడో. చదువు లేదు, అందులో దాచేది ఏమీ లేదు. అనుభవం ముప్పై ఐదు పంటలు. ఈ ఊరి రాశులకు ముద్ర వేసింది నేను. మీ ఆఫీసువాళ్లకు అర్థం కాదు కాబట్టి వివరంగా చెబుతున్నాను. కళ్లంలో జొన్న నూర్చి రాశి పోసిన తర్వాత, కొలిచేదాకా దానికి ముద్రే కాపలా. రాశి చుట్టూ బూడిదతో గీత గీస్తాము. రాశి మీద అక్కడక్కడ తడి మట్టి పెట్టి చెక్క ముద్ర అద్దుతాము. ఎవరైనా పిడికెడు గింజలు తీస్తే మట్టి చిట్లుతుంది, బూడిద చెదురుతుంది. ఆ ముద్ర మా మామది. ఆయన తర్వాత మా ఆయన వేశాడు. మా ఆయన పోయాక, ఆడది ముద్ర వేయడమేమిటని కళ్లంలో నలుగురూ గొణిగారు. "పోయిన పంటలో యా రాశి చెదిరిందో సెప్పినోడు వచ్చి తీసుకోండప్పా ముద్ర" అన్నాను. ఎవరికీ తెలియలేదు. ముద్ర నా దగ్గరే ఉండిపోయింది.

దీనికి ఒక కట్టుబాటు ఉంది. ముద్ర వేసే మనిషి ఆ కళ్లంలో మంచినీళ్లు కూడా తాగకూడదు. ఎండకు నాలుక పిడచకట్టినా, ఇంటి నుంచి తెచ్చుకున్న చెంబులోవే తాగాలి. నీళ్లు తాగిన చోట కన్ను మెత్తబడుతుంది.

భాషలు తెలుగు, ఎద్దుల సంతలో బేరానికి సరిపడా ఉర్దూ. నా గురించి చెప్పేవాళ్లు ఇద్దరు. ఒకరు మా మామ, చనిపోయాడు. రెండో మనిషి పక్కింటి భీమమ్మ. ప్రస్తుతం మా ఇద్దరికీ మాటలు లేవు. అయినా అబద్ధం చెప్పే మనిషి కాదు.

ఎప్పుడు రమ్మంటారో రాయి. శనగ నూర్పిడి అయిపోయింది, ఖాళీగానే ఉన్నాను.

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర


బాన్
7-4-2008

అత్తా,

తప్పు నాది. దరఖాస్తు మాట నవ్వులాటకు రాశాను. నువ్వు నిజంగానే పంపావు. పట్టా లేనివాళ్ల పేరు ఈ జాబితాలో ఎక్కదు. నీ కాగితాన్ని మాత్రం పారేయలేదు. నా బల్ల సొరుగులో ఉంది. రెండు వందల దరఖాస్తుల్లో తాను ఎక్కడ నీళ్లు తాగకూడదో రాసింది నువ్వొక్కదానివే.

గది వదిలి వెళ్లడం గురించి ఒకటి అడుగుతాను. మీ సొంత కళ్లంలో రాశి పోసినప్పుడు ముద్ర ఎవరు వేసేవాళ్లు?

నీ పని ఆగదు. ఆ తనిఖీ మీద ఫిర్యాదు ఎవరైనా రాయవచ్చు. నేను ముట్టుకోకూడదు గానీ, ఎక్కడికి రాయాలో చెప్పవచ్చు. ముందు వాళ్లు అడిగేది ఒక్కటే. ఆయన మీ ఇంటికి వచ్చిన రోజు పొయ్యి వెలిగిందా, లేదా? నీ రెండు ఉత్తరాల్లోనూ ఆ ముక్క లేదు. ఆయన మీ గడప తొక్కకుండానే రాసుకున్నాడని నేను అనుకుంటున్నాను. అంతేనా?

ఇక్కడ ఇప్పుడిప్పుడే ఎండ వస్తోంది. జనం బెంచీల మీద కూర్చుని ఎండకు మొహాలు చూపిస్తున్నారు. నువ్వు చూస్తే తిడతావు.

నీ
తనూజ


గుండ్లవాగు
26-4-2008

తనూజకు,

మా సొంత రాశికి నేను ముద్ర వేసేదాన్ని కాదు. సంజామల నుంచి పెద్ద ఈరన్నను పిలిపించేవాళ్లం. ఆయన ముద్ర వేస్తున్నంతసేపు నేను కళ్లం గట్టు దాటి అవతల నిలబడేదాన్ని. నువ్వు గది వదిలి పోవడం అదేనని నాకు ముందే తోచలేదు. చెవుల మాట వెనక్కి తీసుకుంటున్నాను.

తనిఖీ ఆయన సంగతి. ఆయన గడప తొక్కలేదని నేను చెప్పలేదు. కారులో వచ్చాడు. ఫలానా రోజు వస్తున్నామని, ఫలానా పన్నెండు ఇళ్లని ఇరవై రోజుల ముందే కబురు పంపించి వచ్చాడు. ముందుగా చెప్పి వచ్చేవాడికి ఏం కనపడుతుంది? ఊడ్చిన వాకిలి కనపడుతుంది. పైగా పన్నెండు ఇళ్లలోనూ కూర్చుని టీ తాగాడు. చూడ్డానికి పోయిన చోట టీ తాగేవాణ్ణి మా కళ్లాల్లో అయితే గట్టు దాటనిచ్చేవాళ్లు కాదు. ఇదే నా ఫిర్యాదు. ఇది చాలదా?

పొయ్యి వెలిగిందా అని అడిగావు. వంటపని మద్దిలేటమ్మది. అవన్నీ నాకేం తెలుసు.

లేవి సైకిలు పాడైంది. రెండు వారాలుగా టపా నడిచి తెస్తున్నాడు. కాళ్లకు మంచిదే.

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర

(రాసినవాడి మనవి: ఈసారి నాలుగు వాక్యాలు కొట్టేయించారు. సైకిలు మాట నేను వద్దన్నాను, వినలేదు. – లేవి)


బాన్
12-5-2008

అత్తా,

చూడకుండా రాశాడని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది. నిజంగా చూడకుండా రాసి ఉంటే పోవలసిందే. ఆయన ఎవరో నాకు తెలియదు, ఎవరో ఒకరి తమ్ముడో కొడుకో అయి ఉంటాడు. అందుకని ఇంకొక్కటి అడిగి ఊరుకుంటాను.

పన్నెండు ఇళ్లలో టీ తాగాడన్నావు. మీ ఇంట్లో తాగిన టీ ఏ పొయ్యి మీద కాగింది?

తనూజ


గుండ్లవాగు
3-6-2008

తనూజకు,

ఆ ముక్క చదివి లేవి తల ఎత్తి నా వైపు చూశాడు. "రాయప్పా, ఈసారి కొట్టేయించను" అన్నాను.

టీ గ్యాసు పొయ్యి మీదే కాగింది.

చీటీలు వేసి ఇళ్లు తీస్తే అందులో నా పేరు వచ్చింది. ఇరవై రోజులకు తనిఖీ అని సంస్థ మనిషి చెప్పిపోయాడు. మా గుంత ఎండిపోయిందప్పా అని ఒక్క మాట అంటే అక్కడికి తీరిపోయేది. నేను అనలేదు. ముద్ర వేసే ఇంట్లో పొయ్యి ఆరి ఉండటం పరాయివాడు చూసి పోవడమా అనుకున్నాను.

భీమమ్మకు మూడు ఎనుములు ఉన్నాయి. పేడ అడిగితే, "ఏమక్కా, లేనిది ఉండాదని సూపియ్యల్లనా?" అంది. "వచ్చినోని ముందర సల్లపొయ్యి పెట్టుకోని కూసోమంటావా?" అన్నాను. ఇరవై రోజులు దాని కొట్టంలో పేడ ఎత్తి, తట్టలతో మోసి, నీళ్లు కలిపి మా గుంతలో పోశాము. పోశాము అన్నాను. మోసింది మద్దిలేటమ్మ. అప్పటికే దగ్గుతుండేది.

ఆయన మర్యాద తెలిసిన మనిషి. చెప్పులు వాకిట్లో విడిచి వచ్చాడు. పొయ్యి తిప్పితే నీలంగా వెలిగింది. రోజూ ఇట్లాగే వెలుగుతుందా అని వెంట వచ్చినతను తెలుగులో అడిగాడు. "ఎలుగుతాది నాయనా, పొద్దున మాపున" అన్నాను. రాసుకున్నాడు. టీ పెట్టిస్తే వద్దన్నాడు. "గడప తొక్కి ఉత్తనోటితో పోతే మా ఇంటికి మంచిది గాదు" అని నేనే చేతిలో పెట్టాను. తాగాడు. వాళ్లు పోయిన నాలుగో రోజు పొయ్యి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

ఆయన చూసింది చూసినట్టే రాశాడు. నేను చెప్పింది చెప్పినట్టే రాశాడు. రాశిలో చెయ్యి పెట్టింది నేను.

భీమమ్మతో మాటలు ఎందుకు లేవో ఇప్పుడు చెబుతాను. సిలిండరు ఇవ్వం పొమ్మన్న రోజు ఇంటికి వచ్చి తనిఖీ ఆయన్ని తిడుతున్నాను. గోడ అవతల నుంచి విని, "నా ఎనుముల పేడతో నీ పరువు నిలబెట్టుకుంటివి. ఇప్పుడు కోడలికి పొగ పెట్టి ఆ మహానుభావుణ్ణి తిడతాండావా?" అంది. ఆ రోజు నుంచే నేను దానితో మాటలు మానేశాను.

మద్దిలేటమ్మ ఒక్కరోజు కూడా ఈ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఇప్పుడు చెప్పు. ఈ మాట చెప్పకుండా నా పేరు కొట్టేయించే దారి ఉందా?

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర


బాన్
20-6-2008

అత్తా,

అట్లాంటి దారి లేదు. వెతికాను.

నాకు రాసిన ఉత్తరం పనికిరాదు. నేను నీ మనిషిని. ఇదే మాట ఆ సంస్థకు, ఆ తనిఖీ కంపెనీకి నువ్వు నేరుగా రాయించాలి. రెండు చిరునామాలు వెనక పేజీలో ఉన్నాయి. రాస్తే వాళ్లు మళ్లీ వస్తారు. ఊళ్లో అందరికీ తెలుస్తుంది. మిగిలిన పదకొండు ఇళ్లవాళ్లు నీ మీద పడవచ్చు. నువ్వు రాయకపోయినా నేను ఏమీ అనుకోను. రాయమని చెప్పే హక్కు నాకు లేదు, పేడ మోసింది నేను కాదు.

ఇంకొక సంగతి. పోయిన వారం నిపుణులను పిలిచి మాట్లాడాము. పేర్లు, ఊళ్లు లేకుండా అందరినీ ఒక్కటే అడిగాను. గోబర్ గ్యాస్ పొయ్యి వెలిగించి, దాని మీద కాచిన టీ మీ చేతికి ఇచ్చారు. ఏం చేస్తారు? చాలామంది నవ్వారు. కొందరు తాగుతామన్నారు, కొందరు తాగబోమన్నారు. ఒకాయన మాత్రం, కప్పు పక్కన పెట్టి ఆ ఇంటి కొట్టంలోకి వెళ్లి పశువులు ఉన్నాయేమో చూస్తానన్నాడు. ఆయన పేరు జాబితాలో చేరింది.

నీ
తనూజ


గుండ్లవాగు
24-11-2008

తనూజకు,

అయిదు నెలలు నీకు రాయించలేదు. లేవి చేత వేరేవాళ్లకు రాయించే పని ఉండింది.

రెండు చిరునామాలకూ ఒకటే కాగితం పంపాను. పంపేముందు మహిళా సంఘం మీటింగులో లేవి దాన్ని పైకి చదివాడు, నేను నిలబడి ఉన్నాను. నా పరోక్షంలో తెలిస్తే అది వేరే కథ అవుతుంది. చదవడం అయ్యాక ఒకావిడ, "ముద్రేసే అవ్వే ఇట్ల జేస్తే మనమెంత లేమ్మా" అంది. కొందరు నవ్వారు. నిలబడే ఉన్నాను. ఆ తర్వాత ఇంకో అయిదుగురు లేచి మా పొయ్యిలూ అంతే అన్నారు. మిగిలినవాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు. భీమమ్మ మాత్రం మాట్లాడుతోంది. బయటికి వచ్చాక, "ఇంత దానికి రెండేండ్లు పట్టెనే అక్కా నీకు" అంది. అదొక్కటే అంది.

పోయిన సోమవారం ఇద్దరు వచ్చారు, మాటలు మార్చి చెప్పడానికి వెంట ఇంకో మనిషి. వస్తారని తెలుసు గానీ ఏ రోజో, ఏ ఇళ్లో ఎవరికీ చెప్పలేదు. ఒకాయన తనిఖీ కంపెనీ మనిషి. పాతాయన కాదు, వేరే ఆయన. ఆ పాతాయన ఉద్యోగం ఉందా అని అడిగాను, ఉందన్నాడు. రెండో ఆయన ఈయన పని ఎట్లా చేస్తాడో చూడటానికి వచ్చాడంట. ఒకరు పొయ్యిని చూడాలి, ఇంకొకరు ఆ చూసే మనిషిని చూడాలి. రెండో ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా మా కొట్టంలోకి పోయాడు. అక్కడ ఓబుళేశు ట్రాక్టరు ఉంది. కాసేపు దాన్నే చూసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన నువ్వు ఏరిన మనిషేనా అని నేను అడగలేదు. అడగకూడదు కదా.

టీ పెడతానన్నాను. రెండో ఆయన సంచిలోంచి తన నీళ్ల సీసా తీసి చూపించి, వద్దని చెయ్యి ఊపాడు. మొదటాయనా వద్దన్నాడు. నాకు కోపం రాలేదు.

మొదటాయన గ్యాసు పొయ్యి తిప్పమన్నాడు. తిప్పాను. ఏమీ రాలేదు. "సెయ్యి పెట్టి సూడు నాయనా" అన్నాను. పెట్టి చూశాడు. పోయినసారి తనిఖీలో వెలుగుతుందని చెప్పింది ఎవరని వెంట వచ్చిన మనిషి చేత అడిగించాడు. నేనే అన్నాను. ఎందుకు చెప్పారు అన్నాడు. నువ్వు చెయ్యి పెట్టిన ఈ సల్లపొయ్యి పరాయివాళ్ల కంట పడకూడదనే కదప్పా, ఇంకా ఎందుకని అడుగుతావు అన్నాను. వెంట వచ్చిన మనిషి దాన్ని ఎట్లా మార్చి చెప్పాడో తెలియదు. ఆయన మాత్రం చాలాసేపు రాసుకున్నాడు.

నా ఎదుటే నా పేరు మీద గీత కొట్టారు. నాకు చదువు రాదు కాబట్టి ఏ వరుస కొట్టారో లేవి చేత రెండుసార్లు చదివించుకున్నాను. నా పేరే. ఆ కాగితం నకలు పట్టుకుని ఓబుళేశు కోయిలకుంట్లకు పోయి వచ్చాడు. దరఖాస్తు తీసుకున్నారు. సిలిండరు ఎప్పుడు వస్తుందో చెప్పలేదు.

వాళ్లు పోయాక, ఆ ఇద్దరూ వద్దన్న టీ పెట్టుకుని నేనూ మద్దిలేటమ్మా తాగాము. టీ పొగ వాసన వేసింది. కంపలు పచ్చిగా ఉన్నాయి, నాకు మంట చెయ్యడం మరిచిపోయినట్టుంది. జూన్ నెల నుంచి పొయ్యి ముందర కూర్చునేది నేనే. మద్దిలేటమ్మ వాకిట్లో కూర్చుని, ఉప్పు ఎంత వెయ్యాలో అక్కడ నుంచే చెబుతుంది.

లక్ష్మీదేవమ్మ వేలిముద్ర

(రాసినవాడి మనవి: పూర్తిగా చదివి వినిపించాను. కొట్టివేతలు లేవు. – లేవి, బ్రాంచి పోస్టుమాస్టరు)